బొట్టు పెట్టుకున్న బ్యాటరీలు

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి చెప్పమంటే అందరూ ఏడుపే చెప్తారు. నేను ఆయన గెలిచిన రోజు గురించి చెప్తాను. నాకు రాత సంతకం వరకే వచ్చు కాబట్టి నోటితో చెప్తున్నాను. నా నోరు మోటు. అది నాకు తెలుసు, ఊరికీ తెలుసు.

హిందూపురంలో చింతపండు మండీలో ఆయన వేలం పాట పాడేవాడు. పండు రాశి ముందు నిలబడి రేటు కేక పెడితే రోడ్డు అవతల టీ తాగేవాళ్ళు కూడా గ్లాసు దించి వినేవాళ్ళు. అదే మండీలో ఆడవాళ్ళతో కూర్చుని చింతకాయ కొట్టి గింజ తీసేదాన్ని నేను. పెళ్ళికి ముందు నాకు ఆయన మొహం కంటే గొంతే ముందు తెలుసు. ఆ గొంతును బీడీలు తినేశాయి. బెంగుళూరు ఆసుపత్రిలో కోసి, మాట వచ్చే పెట్టె మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచే వస్తుంది, అందులోంచే పోతుంది. మాట మాత్రం ఇక లేదన్నారు.

మాట లేని మగవాడితో సంసారం ఎలా ఉంటుందో చెప్తాను. చప్పట్లు కొట్టి పిలుస్తాడు. కోపమొస్తే చెంబు నేలకేసి కొడతాడు. మండీ యజమాని మంచివాడే, గేటు దగ్గర కాపలా పని ఇచ్చాడు. కానీ లోపల ఇంకొకడి కేక వినిపిస్తుంటే ఈయన గేటు వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు.

అట్లాంటప్పుడు ఆసుపత్రివాళ్ళు గొంతు మిషను ఇచ్చారు. చిన్న టార్చిలైటులా ఉంటుంది. దవడ కింద ఆనించి మీట నొక్కితే జుయ్యిమంటుంది. పెదాలూ నాలుకా కదిలిస్తే ఆ జుయ్యే మాటవుతుంది. డబ్బాలో పడ్డ కందిరీగ మాట్లాడినట్టుంటుంది కానీ మాట మాటే. ఇంటికొచ్చి ఆయన దాంతో మొదట అన్నమాట ఏమిటనుకున్నారు? "చారులో ఉప్పెక్కువ. నెలలుగా తింటాండా." నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు.

మిషను కడుపులో ఒక బ్యాటరీ ఉంటుంది. అగ్గిపెట్టె అంత ఉంటుంది, నెత్తిన రెండు గుండీలు, రవికెకు కుట్టే టిచ్ బటన్ల లాంటివి. అట్లాంటివి రెండు ఇచ్చారు. ఒకటి మిషనులో ఉంటే ఇంకొకటి చార్జరులో ఉండాలి. ఆ మార్చే పని నాది. పొద్దున వంటకు ముందు, సాయంత్రం దీపం పెట్టకముందు, బిడ్డకు పాలు పట్టినట్టు దానికి కరెంటు పట్టేదాన్ని.

ఇక మా పాప సంగతి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో సంబంధం కుదిరింది. పిల్లవాడూ మగ్గం మీదే ఉంటాడు, వేలు పట్టి చూస్తే పోగుల గీతలు. దసరా వెళ్ళాక వాళ్ళింట్లోనే తాంబూలాలు అనుకున్నాం. మావాళ్ళలో తాంబూలాల రోజు పిల్ల తండ్రి తాంబూలం తట్ట పట్టుకుని లేచి, అందరి ముందూ తన నోటితో "మా పిల్లను మీ ఇంటికి ఇస్తాండాం" అనాలి. అదే మాటివ్వడం. తండ్రి లేకపోతే పెదనాన్న అంటాడు, మేనమామ అంటాడు. ఉండీ ఇంకొకరు అంటే ఆయన లేనట్టే లెక్క.

ఈయన ఆ ఒక్క మాట నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మిషనుతో కొన్ని అక్షరాలు తేలిగ్గా వస్తాయి, కొన్ని మొండికేస్తాయి. "పిల్ల" బాగా పలికేది, "ఇస్తాండాం"లో సగం గాలిలో పోయేది. అద్దం ముందు నిలబడి, మూతి సాగదీసి, కూడబలుక్కుని మళ్ళీ మళ్ళీ అనేవాడు. పాప పక్కగదిలో విని, అది బాలేదు నాయనా, ఇంగో తూరి అను, అని సరిచేసేది. తనను ఇచ్చే మాట తనే దిద్దిన పిల్ల మా పాప ఒక్కతేనేమో.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఇంట్లో పనిముట్టనేదాన్ని వదిలిపెట్టం. చింతకాయ కొట్టే సుత్తి, కత్తిపీట, కుట్టుమిషను, తాళం కప్ప, ఆఖరికి గోడ మీది స్విచ్చులు, అన్నిటికీ పసుపూ కుంకుమా. మా అత్త, అంటే ఆయన తల్లి, ఆ పని ఎవరి చేతికీ ఇవ్వదు. కొడుకు గొంతు మిషను కంటే పెద్ద ఆయుధం ఆ ఇంట్లో ఏముంది? దాన్నీ చార్జరునూ బ్యాటరీలనూ పీట మీద వరసగా పెట్టి తృప్తిగా పూజ చేసింది. పూజలో పెట్టిన బొట్టును తుడవకూడదని మాకు పట్టింపు. దానంతట అదే రాలిపోవాలి. సంక్రాంతి దాకా మా స్విచ్చుల మీద పసుపు ఉంటుంది.

పండగైన మరుసటి రోజే మాట సన్నగిల్లింది. జుయ్యిమని మొదలై, దోమంత అయ్యి ఆగిపోయింది. బ్యాటరీ మార్చాను. రెండోదీ అంతే. చార్జరులో పెడితే ఎర్రలైటు నిండుగా వెలిగింది. రాత్రంతా ఉంచాను. పొద్దున "మా పి" అన్నాడు, అక్కడితో సరి.

రేడియోలు బాగుచేసే కొట్టుకు పట్టుకుపోయాను. ఆ కొట్టాయన పాపం మంచిగానే చూశాడు. మీటరు సూదులు రెండు గుండీలకూ గుచ్చి చూసి, లోపల ఏమీ లేదన్నాడు. చార్జరు లైటు వెలుగుతోంది కాబట్టి చార్జరు బాగుందన్నాడు. "బ్యాటరీలకు వయసైపోయిండాదక్కా. కరెంటు తాగడం మానేసినాయి. ఇట్లాంటివి బెంగుళూరులోనే దొరకాల" అన్నాడు. నీళ్ళు తగలనీయకు, రెండు గుండీలకూ ఒకేసారి తడి తగిలితే ఉన్నదీ కారిపోతుందని కూడా చెప్పాడు. తాంబూలాలు రెండు రోజుల్లో ఉన్నాయి. బెంగుళూరు ఎవరు పోతారు, ఏ కొట్టని వెతుకుతారు?

ఈ సంగతి విని మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. మంచీ చెడ్డా అన్నీ తన భుజం మీదే ఉన్నాయనుకునే మనిషి. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "మూగోని తరఫున నేను మాటిస్తాలేమ్మే. ధర్మవరంలో ఆ జుయ్ జుయ్ ఏంది, వాళ్ళు నవ్వుకోడానికా?" అన్నాడు. ఈయన అక్కడే ఉన్నాడు. చెంబు కొట్టలేదు. లేచి చొక్కా తగిలించుకుని గేటు దగ్గరికి, కాపలాకు పోయాడు. చెంబు నేలకేసి కొట్టుంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

తాంబూలాలకు ముందురోజు పొద్దున మేం నలుగురం, ఆయనా నేనూ పాపా మా అత్తా, ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగాం. కొండ కింద మా అమ్మ ఇల్లు. ఆ రోజు అక్కడుండి మరుసటి రోజు ధర్మవరం పోవాలని. బావ నేరుగా అక్కడికే వస్తానన్నాడు. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు కానీ, మిషనూ చార్జరూ సంచిలో వేసుకునే వచ్చాను.

మా అమ్మ ఇంట్లో ప్లగ్గు పెట్టి చూశాను. ఎర్రలైటు వెలిగింది. అలవాటు కొద్దీ బ్యాటరీ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళూ చార్జరులోంచి తీసేటప్పుడు ఆ బ్యాటరీ ఎట్లా ఉండేది? పెట్ట కిందనుంచి తీసిన గుడ్డులా వెచ్చగా ఉండేది. ఇప్పుడు ఎంతసేపు చూసినా రాయిలా ఉంది. బ్యాటరీ తీసేశాను. లైటు వెలుగుతూనే ఉంది. పెట్టాను, అదే లైటు. ఒట్టి చార్జరుకూ అదే వెలుగు, బ్యాటరీ ఉన్నా అదే వెలుగు. అంటే ఆ లైటు గోడలో కరెంటు ఉందని చెప్తోంది కానీ బ్యాటరీలోకి పోతోందని చెప్పడం లేదు. మేమంతా దాన్ని చూసి మోసపోయాం. పైగా రెండు బ్యాటరీలు కూడబలుక్కుని ఒకేరోజు ముసలివి అవుతాయా? వాటికి వయసు కాలేదు. వాటి నోట్లోకి ఏదీ పోవడం లేదు, అంతే.

వెలుతురులోకి తెచ్చి చూశాను. గుండీల మీద పసుపు, పసుపు మీద కుంకుమ. మా అత్త బొట్టు పెట్టడానికి బ్యాటరీలో అంతకంటే మంచిచోటు ఏముంది, నెత్తిన రెండు గుండ్రటి గుండీలు ఉంటే? ఎండి, సున్నం పట్టినట్టు గట్టిపడింది. మిషనులోని కొక్కెం గట్టిగా కొరుకుతుంది కాబట్టి గీరుకుని ఉన్న కరెంటు తాగేసింది. చార్జరులో ఉన్నవి ఉత్త స్ప్రింగులు, ఆ పసుపు మీద ఊరికే ఆని కూర్చున్నాయి. రేడియో కొట్టాయనకు ఇది ఎందుకు కనపడలేదంటారా? ఆయన మీటరుకూ బొట్టుంది, స్క్రూడ్రైవరుకూ బొట్టుంది. పండగైన వారంలో బొట్టు లేని వస్తువునే మేం వింతగా చూస్తాం.

తుడవబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది.

"అమ్మే, ఏం చేస్తాండావు? శుభకార్యానికి పోతా బొట్టు తుడుస్తావా? అది ఎవురి గొంతు? ఎవురికి తుడిచినట్టు?"

ఆమె అన్నదాని అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ కూడా వద్దులేమ్మా అన్నట్టు చూసింది. నాకూ భయం లేదని చెప్పను. ఆయన ముక్కాలిపీట మీదనుంచి లేచాడు. మిషను తీసి దవడ కింద పెట్టి మీట నొక్కాడు. అది కుయ్యిమని కూడా అనలేదు. తల్లి మొహంలోకి చూస్తూ ఆ బ్యాటరీ తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు.

"అత్తా," అన్నాను, "బొట్టు యాడికీ పోదు. నెత్తిన తీసి కడుపుకు పెడ్తాం. నువ్వే పెట్టు."

ఆమె నా చెయ్యి వదిలింది. కుంకుమభరిణ కోసం లేచింది.

మా అమ్మ జాడీలోంచి చింతపండు తీశాను. ఇత్తడికి పట్టిన పసుపు దేనితో పోతుందో ఆడదానికి చెప్పాలా, అందులోనూ మండీలో పెరిగిన చేతికి? పీచు లేకుండా చిటికెడు గుజ్జు తీసి ఒక గుండీని రుద్దాను. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, అది ఆరాకే రెండోదాన్ని ముట్టుకున్నాను, కొట్టాయన చెప్పిన తడి భయం ఉంది కదా. తెల్లగా, పెళ్ళినాటి మెట్టెల్లా బయటపడ్డాయి. ప్లగ్గు పీకి, చార్జరు స్ప్రింగులను తలపిన్నుతో గీకాను, పసుపుపొడి రాలింది. అన్నిటినీ చాటలో పోసి కాసేపు ఎండలో పెట్టాను, వడియాలు పెట్టినట్టు. మా అత్త రెండు బ్యాటరీలకూ కడుపున బొట్టు దిద్దింది, గుండీల దగ్గరికి వేలు పోకుండా నేను కాపలా కాశాను.

మళ్ళీ పెట్టాం. అదే ఎర్రలైటు, దాన్ని నమ్మేదెవరు? నేను పప్పు పొయ్యి మీద పెట్టి, అది పొంగేదాకా ఆగి, చెయ్యి తుడుచుకుని వెళ్ళి ముట్టుకున్నాను. గోరువెచ్చన. అనుమానమొచ్చి చెంపకు ఆనించుకున్నాను. వెచ్చనే. తీసుకుపోయి మా అత్త చెంపకు ఆనించాను. ఆమె ఉలిక్కిపడి, "ఓయమ్మ, దీనికి జ్వరమొచ్చిండాదే" అంది. ఎవరికైనా జ్వరం రావాలని నేను మొక్కుకున్నది ఆ ఒక్కసారే.

పొద్దున ఆయన మిషను దవడకు పెట్టి "కాపీ" అన్నాడు. ఇల్లు అదిరింది. మా అమ్మ గ్లాసు జారవిడిచింది.

ధర్మవరంలో పిల్లవాడి ఇల్లు. మగ్గాల చప్పుడు ఆపి చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చారు. బావ పట్టుపంచె కట్టి, మీసం దువ్వి, ముందే తయారుగా నిలబడున్నాడు. పూజారి పిల్ల తరఫువాళ్ళు లేవండి అనగానే బావ గొంతు సవరించుకుని తట్ట మీద చెయ్యి వేశాడు. ఈయన వెనకనుంచి వచ్చి, అన్న భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా కూర్చోబెట్టాడు. గట్టిగా కాదు. చిన్నప్పుడు అన్న ఈయన్ని ఎట్లా కూర్చోబెట్టి ఉంటాడో అట్లా. ఒక చేత్తో తట్ట పట్టుకున్నాడు. అవతలి కొస పాప పట్టుకుంది. రెండో చేత్తో మిషను దవడకు ఆనించాడు.

జుయ్యిమనేసరికి చంటిపిల్లలు అమ్మల కొంగులు పట్టుకున్నారు. "మా. పిల్లను. మీ. ఇంటికి." అక్కడ ఆగాడు. "ఇస్తాండాం." ఒక్క అక్షరం గాలిలో పోలేదు. పాప పెదాలు కూడా ఆయనతోపాటే కదలడం నేను చూశాను.

ఎవరూ నవ్వలేదు. పిల్లవాడి అవ్వ ఒకామె, చెవులు సరిగా వినపడని మనిషి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాగ్గూడా ఇనపడిందప్పా. ఇంట్లో ఎవురు మాట్లాడినా నాకు ఇనపడదు, నీది ఇనపడింది" అంది. అప్పుడు నవ్వారు అందరూ, బావ కూడా. పిల్లవాడి తండ్రి లేచి, తీసుకుంటున్నామని మాటిచ్చి తాంబూలం అందుకున్నాడు.

అంతటితో కూర్చోవాలి కదా. పూజారి మంత్రం అందుకున్నాడు కూడా. ఈయన కూర్చోలేదు. బ్యాటరీ నిండుగా ఉంది, ముందర జనం ఉన్నారు. పిల్లవాడి వైపు తిరిగి మళ్ళీ మీట నొక్కాడు.

"మా పాపకు కోపమొస్తే రెండు పూటలు మాట్లాడదు. నువ్వే ముందు మాట్లాడు. గొంతుండాది కదా నీకు."

పిల్లవాడు సిగ్గుతో తల వంచుకుని, "అట్లే మామా" అన్నాడు. అది సరిగా వినపడలేదని, గట్టిగా చెప్పమని మా ఆయన మళ్ళీ మీట నొక్కాడు.