గాజు లారీలో గీతలమ్మ

నాలుగో ఏడాది ఆర్కిటెక్చర్ చదువుతున్న ఆ అమ్మాయికి సరిగ్గా ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆటలమ్మ పోసింది. క్లాసంతా కలిసి నెల రోజుల పాటు పేరున్న కట్టడాలన్నీ చూసి రావాలని ఏడాది పొడుగునా అనుకున్నారు. ఎక్కడ దిగాలి, ఏ భవనాన్ని ఏ పూట వెలుతురులో చూడాలి అని పట్టిక రాసింది కూడా ఆమే. ఆ పట్టిక పట్టుకుని మిగిలిన ఇరవై ఇద్దరూ రైలెక్కేశారు. ఆమె మాత్రం వీపు గోక్కోకుండా రెండు చేతులూ బిగబట్టుకుని, ఎదురుగోడ మీది పెచ్చులు లెక్కపెడుతూ పడుకుంది.

పొక్కులు మాడి, నీరసం తగ్గి లేచేసరికి సెలవుల్లో మూడు వారాలే మిగిలాయి. కాలేజీ తెరిచేనాటికి ఒక్కొక్కరూ యాభై బొమ్మలు గీసి తేవాలని మాస్టారు ముందే చెప్పేశారు. "ఫొటో చూసి గీస్తే నాకు తెలిసిపోతుంది. మీరా నేల మీద నిలబడ్డారో లేదో గీతే చెప్పేస్తుంది" అనేవారాయన. ఆ మాట తలుచుకుని ఆమె రెండు పూటలు సరిగ్గా తినలేదు.

అప్పుడొచ్చాడు మేనమామ. ఆయన ఫ్యాక్టరీ నుంచి గాజు పలకలు తీసుకెళ్ళే లారీ నడుపుతాడు. మనిషెత్తుకు రెండింతలుండే పలకలను చెక్క చట్రాల్లో నిలబెట్టి ఊళ్ళు దాటిస్తాడు. మేనకోడలికి నాలుగేళ్ళప్పుడు గోడలన్నీ పెన్సిలుతో నింపేసిందని గీతలమ్మ అని పేరు పెట్టింది ఆయనే.

"నాతో రావే గీతలమ్మా. నాలుగు పెద్ద ఊళ్ళు, పదిహేను రోజులు. నేను బండి తోలుకుంటా, నువ్వు బొమ్మలు గీసుకో."

"మొన్నటిదాకా మంచాన పడున్న పిల్లని లారీ ఎక్కిస్తావా? నీకేమన్నా మతిపోయిందా?" అంది తల్లి.

"నా బండిలో గాజే క్షేమంగా వెళ్తుందక్కా. నీ కూతురు గాజుకన్నా నాజూకా?"

"నోటికి మాత్రం ఏం తక్కువ లేదు నీకు" అంటూనే తల్లి లేచి సంచి సర్దడం మొదలుపెట్టింది.

మొదటి వారమంతా మామకీ మేనకోడలికీ క్షణం పడలేదు. లారీ ఆమె ఆపమన్నచోట ఆగదు, ఆగగలిగినచోటే ఆగుతుంది.

"మావయ్యా, అదిగో గుమ్మటం! ఆపు ఆపు, పది నిమిషాలు చాలు!"

"ఇక్కడ ఆపితే ముందు నీకు కనపడేది ట్రాఫిక్ పోలీసు. వాణ్ణి గీసుకుంటావా?"

పగటిపూట పెద్ద వీధుల్లోకి లారీలను రానివ్వరు. చుట్టుదారులు, వెనకసందులే గతి. అలా ఏ ఊరికి వెళ్ళినా ఆ ఊరి వీపే ఆమెకు కనిపించింది. సరుకు దించే అరుగులు, తుప్పు పట్టిన గొట్టాలు, హోటళ్ళ పెరటి తలుపులు, ఆ తలుపుల మెట్ల మీద చెప్పులు విప్పి పాదాలు పిసుక్కుంటున్న పనివాళ్ళు. తన పట్టికలో రాసుకున్న భవనాలు ఎక్కడో పైకప్పుల అవతల కొసలు మాత్రం చూపించి మాయమయ్యేవి. వారం తిరిగేసరికి పుస్తకంలో ఆరు బొమ్మలున్నాయి. అందులో రెండు టైర్లవి.

మూడో ఊళ్ళో టైరుకు పంక్చరు పడింది. అది బాగయ్యేలోపు చూసి రమ్మని మామ ఆమెను దగ్గర్లోని చిత్రశాలకు పంపాడు. వెళ్ళిన దగ్గర్నుంచి గబగబా గదులన్నీ తిరిగింది. మెట్ల బొమ్మ ఒకటి, కిటికీ బొమ్మ ఒకటి గీసింది. చివరి గదిలో మాత్రం కాళ్ళు ఆగిపోయాయి.

గోడంత పటం. ఒక రేవులో పడవ కోసం నిలబడ్డ పాతికమంది జనం. అందరూ వెనుదిరిగి ఉన్నారు, ఒక్కరి మొహమూ కనిపించదు. మూటలు, భుజాల మీద పిల్లలు, జారిన జడలు, చెమటకు అంటుకుపోయిన చొక్కాలు. నీళ్ళు ఎక్కడో పైఅంచున జానెడు మేర ఉన్నాయి. మొహాలే లేని పటం తననెందుకు కదలనివ్వడం లేదో అర్థంకాక, ఆమె నేల మీద చతికిలబడి చూస్తూ ఉండిపోయింది.

గంటన్నర దాటినా పిల్ల రాలేదని మామే వెతుక్కుంటూ వచ్చాడు. చొక్కాకు గ్రీజు మరకలున్నాయని గుమ్మం దగ్గరే తటపటాయించాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పటం ముందు నిలబెట్టింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు చూసి అన్నాడు.

"వీళ్ళ పడవ ఇప్పట్లో రాదు."

"నీకెలా తెలుసు?"

"నిలబడ్డ తీరు చూడవే. బండి వచ్చేస్తోందంటే మనిషి రెండు కాళ్ళ మీదా నిలబడతాడు, మూట చేతికి తీసుకుంటాడు. వీళ్ళంతా బరువు ఒక కాలు మీదేసి రెండోదానికి సెలవిచ్చారు. ఆ చివర ఆవిడ చూడు, చెప్పులోంచి మడమ బయటికి తీసేసింది. వచ్చి మూడు గంటలై ఉంటుంది." ఆయన తలాడించాడు. "గీసినాయన ఎవరోగాని, చాలాసేపు నిలబడ్డ మనిషి."

ఆమె మళ్ళీ పటంకేసి చూసింది. నాలుగేళ్ళుగా ఎన్నో భవనాలు గీసింది. వాటి ముందు మనుషుల్ని కూడా పెట్టింది, ఎత్తు తెలియడానికి. వాళ్ళ కాళ్ళ సంగతి ఒక్కసారీ తలపుకు రాలేదు.

ఆఖరి ఊళ్ళో కొత్తగా కడుతున్న గ్రంథాలయానికి గాజు దించాలి. తెల్లారి ఎనిమిదింటికల్లా గేటు ముందుకు చేరారు. లోపల క్రేను చెడింది, సాయంత్రం దాకా ఎవరినీ రానివ్వరని కాపలావాడు చెప్పాడు. అప్పటికే తొమ్మిది లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇసుకవి, ఇనుపకడ్డీలవి, రంగు డబ్బాలవి. చెట్టూ చేమా లేదు. డ్రైవర్లు కొందరు లారీల కింద దూరారు, మిగిలినవాళ్ళు లారీల పక్కన నిలబడి నీడ జరిగినకొద్దీ తామూ జరుగుతున్నారు. గోడ మీద మాత్రం పూర్తయ్యాక ఆ భవనం ఎలా ఉంటుందో పెద్ద బొమ్మ వేలాడదీశారు. అందులో పచ్చిక, ఫౌంటెను, బుడగ పట్టుకున్న పాప ఉన్నాయి.

ఆమె పుస్తకం తీసి డ్రైవర్లను గీయసాగింది. మామ చెప్పిన తీరు గుర్తుపెట్టుకుని ఎవరు ఏ కాలు మీద నిలబడ్డారో, ఎవరు దేనికి ఒరిగారో చూసి మరీ గీసింది. ఇసుక లారీ డ్రైవరు, అరవై దాటిన మనిషి, బంపరుకు ఆనుకుని నిలబడి చాలాసేపు గమనించాడు.

"నన్నే గీస్తున్నావా, అమ్మాయీ?"

"అవును తాతగారూ. ఇంకో రెండు నిమిషాలు కదలకండి."

"గీస్తే గీశావుగానీ, కూర్చోబెట్టి గీయి. పొద్దున్నించీ నిలబడే ఉన్నా. కాగితం మీదన్నా కాసేపు కూర్చుంటా."

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ కొత్త కాగితం తిప్పి ఆయన్ని కూర్చోబెట్టాలని చూస్తే, దేని మీద కూర్చోబెట్టాలో తెలియలేదు. ముందు బల్ల కావాలి. బల్ల గోడవైపుంటే లారీ కదిలిందీ లేనిదీ కనిపించదు. రోడ్డువైపుంటే దుమ్ము. పైన నీడ ఎటునుంచి? మధ్యాహ్నానికి ఆరుసార్లు చెరిపి గీసింది. ఏడోసారి గీసిన కాగితం పట్టుకుని తిన్నగా సైటు ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది.

"ఇది ప్లానులో లేదండీ" అన్నాడతను.

"ఆ బుడగ పాప ఉంది కదండీ ప్లానులో?"

"ఆ పాపను మేం కట్టక్కర్లేదుగా!" అని, తన మాటకు తనే నవ్వి, గేటు బయటికి చూశాడు. లారీల కింద కాళ్ళు బారుగా కనిపిస్తున్నాయి. "గేటు అవతల మీరేం చేసినా నేను చూడలేదనుకుంటా. పాత చట్రాల చెక్కలున్నాయి, తీసుకోండి. మా వడ్రంగికి ఇప్పుడు పనేం లేదు."

ఎత్తు ఎంత పెట్టాలని వడ్రంగి అడిగితే ఆమె పుస్తకంలో చదివిన కొలత చెప్పబోయి ఆగింది. ఇటుకలు పేర్చి, పైన చెక్క వేసి, డ్రైవర్లను ఒక్కొక్కరినీ కూర్చుని లేవమంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఒక ఇటుక పెంచమన్నారు. పొట్టివాళ్ళు కాళ్ళు గాల్లో ఊగుతున్నాయన్నారు. "పెళ్ళిచూపులకైనా ఇన్నిసార్లు కూర్చుని లేవలేదు" అన్నాడు ఇసుక తాత. చివరికి రెండెత్తుల్లో బల్ల తేలింది, సగం ఎక్కువ, సగం తక్కువ. పైన పాత టార్పాలిన్ కట్టారు. పన్నెండడుగుల బల్ల, నాలుగు గుంజలు, అంతే. తాత అందరికంటే ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, "బావుంది" అన్నాడు. 

ఆమె వంగి, ఆ బరువుకు బల్ల ఊగుతోందేమోనని చూసింది. తాను గీసింది ఒకటి లోకంలోకి వచ్చి, మనిషి బరువు మోయడం అదే మొదలు.

సాయంత్రం గేటు తీశారు. ఎనిమిదిమంది గాజుకు అంటుకునే రబ్బరు పిడులతో పలక పట్టుకుని, ఒకడు పాట లాగా అంకెలు చెబుతుంటే అడుగులో అడుగు వేస్తూ నడిచారు. మామ పక్కనే వెనక్కి నడుస్తూ ఊపిరి బిగబట్టి చూశాడు. ఆఖరి పలక లోపల ఆనాక గానీ ఆయన నీళ్ళు తాగలేదు. ఆ సాయంత్రం ఆమె ఏమీ గీయలేదు, ఊరికే చూసింది.

కాలేజీ తెరిచారు. గోడల నిండా గోపురాలు, వంతెనలు, గాజు మేడలు. ఒకళ్ళను మించి ఒకళ్ళు అందంగా గీశారు. ఆమె గోడకు ఇరవై ఒక్క బొమ్మలే ఉన్నాయి. వాటిలో సగం కాళ్ళు, వీపులు. మాస్టారు బల్ల బొమ్మ దగ్గర ఆగారు.

"ఈ తక్కువ సగం ఎత్తు తప్పు కదా? ప్రమాణం ఇంతకంటే ఎక్కువ."

"పుస్తకం రాసినవాళ్ళు లారీ దిగి రాలేదు సార్. వీళ్ళు దిగొచ్చారు. కూర్చోబెట్టి కొలిచాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని అన్ని బొమ్మలూ ఆ చివరి నుంచి ఈ చివరికి మళ్ళీ చూశారు. మెచ్చుకుంటారేమోనని ఆమె ఎదురుచూసింది.

"ఇవి నిలబడి గీసినవే. సందేహం లేదు" అన్నారు. "కానీ యాభై అన్నాను, ఇరవై ఒకటి తెచ్చావు. పది రోజుల్లో మిగతావి తీసుకురా."

పక్కనున్న స్నేహితురాలు అయ్యోపాపం అన్నట్టు చూసింది. ఆమెకు మాత్రం బాధనిపించలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటికి రెండు వీధుల అవతలున్న ఆసుపత్రికి వెళ్ళింది. మందుల కిటికీ ముందు వరస తలుపు దాటి వీధిలోకి సాగింది. పుస్తకం తెరిచింది గానీ పెన్సిలు తీయలేదు. వరసలో ఆఖరున, గోడకు ఒరిగి, ఒక చెప్పులోంచి మడమ బయటికి తీసి నిలబడ్డ పెద్దావిడ దగ్గరికి నడిచింది.

"ఎంతసేపైందమ్మా మీరొచ్చి?" అని అడిగింది.