దొరసానికి అర మాత్ర

కళ్లద్దాలాయనకి మొదట్లో పిల్లి అంటే పడేది కాదు. దాన్ని ఇంటికి తెచ్చిందీ, దొరసాని అని పేరు పెట్టిందీ ఆయన భార్యే. పేరుకు తగ్గట్టే అది కుర్చీలోంచి లేవమంటే లేచేది కాదు, పిలిస్తే పలికేది కాదు. "మీరిద్దరూ ఒకే బడిలో చదివారేమో, ఒక్కరూ నా మాట వినరు" అని ఆవిడ నవ్వేది.

ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్పట్లో ఇంటికి రంగులు వేయిస్తుంటే, ఆ వాసన పిల్లికి పడదని, నాలుగు రోజులు తమ్ముడింట్లో ఉంచుదామని కారు తీసింది. ఆయనకి కళ్లద్దాల షాపులో పని. ఆవిడే నడుపుకుంటూ వెళ్లింది, పక్క సీట్లో సంచీలో దొరసాని. దారిలో ఒక మలుపు దగ్గర కారు రోడ్డు దిగి కాలవగట్టుకు కొట్టుకుంది. ఆవిడ బతకలేదు. పిల్లికి గీత కూడా పడలేదు.

ఆ తరువాత ఇంటి ముందు ఏ కారు ఆగినా దొరసాని బీరువా వెనక దూరేది. ఒకసారి పక్కింటాయన తన కారులో దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళదామన్నాడు. ఇంజన్ చప్పుడు వినీ వినగానే అది సంచీ తడిపేసి, మనిషి గొంతులాంటి గొంతుతో అరిచింది. వీధిలో వాళ్లు తలుపులు తీసుకుని బయటికొచ్చారు. కళ్లద్దాలాయన కూడా ఈ రెండేళ్లలో కారెక్కింది లేదు. బస్సు వెళ్లే చోటికి బస్సులో వెళ్లాడు, వెళ్లని చోటికి వెళ్లడం మానేశాడు. ఎవరైనా అడిగితే "పిల్లిని వదిలి ఎక్కడికి కదలను?" అనేవాడు.

ఆయన మనసును తొలిచేది ఒకటే ప్రశ్న. ఆవిడ ప్రాణం వెంటనే పోయిందా, కాసేపు ఉందా? ఉంటే ఆ కాసేపూ ఎలా ఉంది? ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. తెలిసిన ప్రాణి ఇంట్లోనే ఉంది. అది బీరువా వెనక కూర్చుని రెప్ప వేయకుండా ఆయన్నే చూసేది.

ఇంతలో ఆయన పనిచేసే షాపు మూతపడింది. బావమరిది ఫోన్ చేశాడు.

"మా ఊళ్లో కొత్త షాపు వాళ్లకి అద్దాలు అరగదీసే మనిషి కావాలట బావా. వచ్చెయ్. ఒక్కడివీ అక్కడేం చేస్తావ్?"

"దొరసాని?"

"మత్తిచ్చి తీసుకొద్దాం. కావాలంటే నీక్కూడా ఇప్పిస్తా."

ఇద్దరూ నవ్వారు.

పశువుల డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. బయల్దేరడానికి రెండు గంటల ముందు అర మాత్ర ఇవ్వాలి. అంతకంటే ముందు ఒకరోజు ఇంట్లోనే వేసి చూడాలి, ఎందుకంటే కొన్ని పిల్లులకి మత్తెక్కడానికి బదులు పిచ్చెక్కుతుంది. ఆయన అన్నీ విని, లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతానండీ. మందుతో భయం పోతుందా? లేకపోతే లోపల భయం అలాగే ఉండి, కదల్లేక ఊరుకుంటుందా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "పాత మందులు కొన్ని అలాగే ఉండేవి. ఒళ్లు పడిపోయేది, భయం పోయేది కాదు. ఇది భయాన్నే తగ్గిస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను. దాని లోపలికి మనం వెళ్లలేం కదా!"

మొదటిసారి మాత్ర పొడి చేసి చేపముక్కలో పెట్టాడు. దొరసాని చుట్టూ ఉన్న చేపంతా తిని, పొడి అంటిన ముక్కను పళ్లెంలో భద్రంగా వదిలేసింది. చివరికి తువ్వాలులో చుట్టి, ఒక గీరుడు తిని, మింగించాడు. కాసేపటికి దాని నడక పడవలో నడిచినట్టయింది. కంటి మూలనుంచి తెల్లటి పొర సగం వరకూ వచ్చింది. తూలుతూ, గోడ పట్టుకుని వెళ్లినట్టు వెళ్లి, ఆవిడ బట్టలున్న గది గుమ్మంలో ఆగింది.

అక్కడ తోక నిటారుగా లేచింది. రెండేళ్లుగా వినిపించని చిన్న కూత ఒకటి కూసింది. బయటినుంచి ఆవిడ రాగానే కూసే కూత అది. తరువాత ఎవరి కాళ్లకో ఒళ్లు రాసుకున్నట్టు వంగి, ఆనుకోవడానికి ఏమీ లేక పక్కకు ఒరిగిపోయింది.

"ఎవరే అక్కడ?" అన్నాడు. తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఆ రోజంతా ఆయన ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

బయల్దేరిన రోజు బావమరిదే కారు నడిపాడు. కళ్లద్దాలాయన వెనక సీట్లో, ఒళ్లో సంచీ, సంచీ మీద ఆవిడ పాత శాలువా. తలుపు వేసిన చప్పుడుకి ఆయన సంచీని గట్టిగా పట్టుకున్నాడు కానీ లోపల దొరసాని గుర్రుపెడుతూ పడుకుంది. బావమరిది ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. షాపు గురించి, తన భార్య చేసే ఉప్పులేని కూరల గురించి, ఊళ్లో నీళ్ల గురించి. మలుపు దగ్గరికొస్తోందని అతని మాట తడబడటాన్ని బట్టే తెలిసింది.

సంచీలో కదలిక మొదలైంది. అరుపు కాదు, గొంతులోనే సన్నటి మూలుగు. పంజా ఒకటి జిప్పును గీకుతోంది. మందు ఒంటిని పట్టి ఉంచింది కానీ, సంచీకున్న వలలోంచి చూస్తే, ఆ పొర కమ్మిన కళ్లు మాత్రం విప్పారి కిటికీ వైపే తిరిగాయి. ఆయన జిప్పు కొంచెం లాగి, మణికట్టు దాకా చెయ్యి లోపల పెట్టాడు. గోళ్లు దిగాయి. తియ్యలేదు.

అద్దంలోంచి చూసిన బావమరిది కారు పక్కకు తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి బావా. ఆ రోజు అక్క చెయ్యి కూడా అలాగే ఉంది."

"ఏమిటి?"

"నేనే కదా ముందు వెళ్లింది. అక్క ఫోన్‌లో నా నెంబరే దొరికిందట. నేను వెళ్లేసరికి సంచీ జిప్పు సగం తీసుంది. అక్క చెయ్యి లోపలుంది. చెయ్యంతా గీతలు. నీకు చెప్పలేకపోయాను."

కళ్లద్దాలాయన చెయ్యి తియ్యలేదు. "అంటే కాసేపు ఉందన్నమాట" అన్నాడు.

"ఉంది. అక్కడ టైర్లకి పంక్చర్లు వేసే ఆయన చెప్పాడు. కారు తలుపు బిగుసుకుపోయింది, ఎంత లాగినా రాలేదట. లోపలినుంచి ఆడమనిషి గొంతు. 'ఏం కాలేదమ్మా, ఏం కాలేదు, నేనున్నాను కదా' అని చెబుతూనే ఉందట. చిన్నపిల్ల ఉందనుకున్నాడు బావా. నేను వెళ్లేసరికి ఆయన కాలవ గట్టంతా పిల్ల కోసం వెతుకుతున్నాడు. పిల్ల లేదంటే నమ్మలేదు."

కారు మళ్లీ కదిలింది. మలుపు ఎప్పుడు దాటిందో ఆయన చూడలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. సంచీలోని చేతికి చిన్న గుండె గబగబా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

బావమరిది ఇంట్లో దొరసాని మూడు రోజులు మంచం కింద ఉంది. నాలుగో రోజు బయటికొచ్చి, బావమరిది కుర్చీ ఆక్రమించి, అతను లేవమంటే లేవలేదు. కళ్లద్దాలాయన షాపుకు వెళ్లి వస్తున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదని యజమాని అంటున్నాడు. ఉప్పులేని కూరలకి కూడా అలవాటు పడ్డాడు. అయితే ఒక్కోసారి పట్టపగలు, అరగదీసే యంత్రం తిరుగుతుండగా చటుక్కున దాన్ని ఆపి, తల పక్కకు వంచి వినేవాడు. పక్కవాళ్లు అడిగితే, "ఏం లేదు, బేరింగు చప్పుడు" అనేవాడు.

కొన్ని నెలలకి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ మలుపు దగ్గర దిగాడు. ఆవిడ గొంతు చివరిసారి విన్న మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది. చూసి ఏమడగాలో తెలియదు. ఏ మాట గట్టిగా అంది, ఏ మాట నెమ్మదిగా అంది, ఎక్కడ ఆగింది, అలాంటివేమో. రోడ్డు వెడల్పు చేశారు. టైర్ల కొట్టు ఉన్న చోట ఇసుక కుప్ప ఉంది. కూలీలని అడిగాడు. అక్కడ అలాంటి కొట్టు ఒకటి ఉండేదని కూడా వాళ్లకి తెలియదు. కాలవగట్టు మీద కాసేపు నడిచాడు. గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. అడుగడుక్కీ గడ్డి పక్కకు తీసి చూస్తున్నానన్న సంగతి ఆయనకి తిరుగు బస్సు హారన్ వినిపించాక గాని తెలియలేదు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. దొరసాని దగ్గరికొచ్చి ఆయన ప్యాంటు అంచులకి అంటిన కాలవగట్టు గడ్డిగింజలు వాసన చూసింది, చాలాసేపు. తరువాత ఆయన మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మంచం కిందికి వెళ్లిపోయింది.