చెయ్యెత్తాలంటే భయం

డిసెంబరు వస్తే ఒడిశా కొండల్లోని మా సునాబెడలో అందరూ స్వెటర్లలో ముడుచుకుపోతారు. నా చంకల్లో మాత్రం ఏడాది పొడుగునా రోహిణి కార్తే. చెమట పడితే పట్టింది, తుడుచుకోవచ్చు. దాని కంపు ఉందే, అదీ నా బాధ. మధ్యాహ్నానికల్లా నా పక్కన కూర్చోవడం నాకే కష్టంగా ఉండేది.

చర్చిలో పిల్లల చేత పాటలు పాడించేది నేనే. ఎదురుగా నిలబడి చేతులెత్తి తాళం చూపిస్తాను. ఆ పనంటే నాకు ప్రాణం. అలాంటిది, ఈసారి క్రిస్మస్ పాటలు ఇంకెవరికైనా అప్పజెప్పమని పాస్టరుగారితో చెప్పేద్దామనుకున్నాను. నేను చేతులెత్తితే ముందు వరస పిల్లలు ఏమైపోవాలి?

అమ్మ నిమ్మచెక్క రుద్దింది. మంటకి ఇల్లంతా గంతులేశాను. "కాసేపు ఓర్సుకో అమ్మీ, ఊరికే పోద్దేటి!" అంది అమ్మ. అన్నయ్య భార్య, మా వదిన, తన సెంటు ఇచ్చింది. కంపుకి మల్లెపూలు తోడై ఇంకా ఘోరంగా తయారైంది.

చివరికి దసరా సెలవుల్లో సిగ్గు చంపుకుని కొరాపుట్ బస్సెక్కి స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒడియాలో తాపీగా చెప్పింది. చెమటకి అసలు వాసనే ఉండదట, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని అలా చేస్తుందట. స్నానంలో మందు వాష్ రాసి బాగా కడుక్కోవాలి, లేకపోతే ఆ మందు బట్టల రంగు పీకేస్తుంది. వెంట్రుకలు తీసెయ్యాలి. పడుకోబోయే ముందు, పొడి చర్మం మీద, చెమట తగ్గించే రోల్-ఆన్ రాసుకోవాలి. వీటికి లొంగకపోతే ఇంజెక్షన్లున్నాయి, విశాఖ వెళ్ళాలంది. నిమ్మకాయ సంగతి విని నవ్వి, ఆ మంట పూర్తిగా తగ్గాకే ఇవన్నీ మొదలుపెట్టమంది.

కొన్ని వారాల్లో కంపు తగ్గింది. ఆ సంతోషంలో పండక్కి మా జిల్లాలోని కొట్పాడ్ ఊరి నేత చీర కొనుక్కున్నాను. ఆ నూలుకి ఆముదం, పేడ, బూడిద పట్టించి, తరవాత చెట్ల వేళ్ళతో రంగు వేస్తారు. కొత్త చీరని ఉతికి బాగా ఆరేసి కట్టుకోవాలని ఇక్కడ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆత్రం ఆగక మడత విప్పి కట్టేసుకున్నాను.

క్రిస్మస్ నాడు చర్చిలో పాట మొదలవబోతుండగా కంపు గుప్పుమంది. మందు పనిచెయ్యలేదన్నమాట! చేతులు ఒంటికి అంటించుకుని నిలబడిపోయాను. పిల్లలు నోళ్ళు తెరిచి నాకేసి చూస్తున్నారు.

వెనక బల్ల మీంచి వదిన లేచొచ్చింది. "ఏటయింది? సేతులెత్తవేటి?"

"కంపు మళ్ళీ వచ్చింది వదినా," అన్నాను.

వదిన నా కొంగు పట్టుకుని వాసన చూసింది. "నీ మొకం! నీది కాదే, ఇది సీర కంపు! ఉతక్కుండా కట్టేసేవా?"

ఆ మాట చర్చిలో సగం మందికి వినబడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వాగలేదు, కళ్ళంట నీళ్ళు కూడా వచ్చాయి. నీది కాదు అని నాతో ఒకరు అనడం అదే మొదటిసారి మరి. రెండు చేతులూ ఎంత పైకి వెళ్తే అంత పైకి ఎత్తాను.