రెక్కలకు సీటు లేదు

ఫీనిక్స్ నుంచి లాస్ ఏంజలెస్‌కు విమానంలో గంటన్నర. నేను బస్సులో ఏడు గంటలు వెళ్లాను. కారణం పేదరికం కాదు, అది ఎలాగూ ఉంది. కారణం రెక్కలు.

ఒక కంపెనీ విద్యార్థులకు పోటీ పెట్టింది: నలుగురిని అంతరిక్షానికి తీసుకెళ్లి, క్షేమంగా వెనక్కి తెచ్చే వాహనాన్ని డిజైన్ చేయాలి. ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉంటూ, కలిసి వండుకుంటూ మాస్టర్స్ చేస్తున్న ముగ్గురం టీంగా చేరాం. నేను క్యాప్సూల్ అన్నాను. మొద్దు డబ్బా, రాకెట్ నెత్తిన కూర్చుంటుంది. కింద ఏదైనా పేలితే పైనున్న చిన్న ఎస్కేప్ రాకెట్ ఆ డబ్బాను మనుషులతో సహా లాక్కుపోతుంది. తిరిగొచ్చేటప్పుడు పారాషూట్లు, సముద్రం. టీం లీడర్ శ్రావణిది వరంగల్. ఆమె రెక్కల వాహనం అంది. అది రాకెట్ పక్కన వేలాడుతూ పైకి వెళ్తుంది, విమానంలా రన్‌వే మీద దిగుతుంది.

"నెలల తరబడి బరువు లేకుండ తేలినోళ్లను ధబేల్మని సముద్రంల పడేస్తవా? వాళ్లల్ల ఒకరికి దెబ్బ తాకి ఉంటే? నాది మెత్తగ దిగుతది" అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఇంకా మండింది.

చివరికి వంట వంతులు తేల్చుకునే పద్ధతిలోనే తేల్చాం: చేతులెత్తి. మూడో సభ్యుడు ఫణి మూడు నెలలు నా పక్కన కూర్చుని క్యాప్సూల్ లెక్కలు చేశాడు. చెయ్యి మాత్రం రెక్కలకు ఎత్తాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"పోస్టర్ మీద బాగుంటుంది మామా. నీది బోర్లించిన గిన్నెలా ఉంది."

ఆపైన శ్రావణి నా స్లైడ్ ఒకటి డిలీట్ చేసింది. అందులో ఉన్నది ఒకే వాక్యం: 'లాంచ్ ప్యాడ్ మీద రాకెట్ అంటుకుంటే ఈ నలుగురికి బయటపడే దారి లేదు.'

"మన తప్పు మనమే చెప్పుకుంటమా?" అంది.

అప్పటినుంచి పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఫోన్ మెసేజుల్లో మాట్లాడుకున్నాం.

త్రీడీ ప్రింటర్‌లో తీసిన మోడల్ రెక్కలు నా చెయ్యంత పొడుగు. విమానంలో చేతి సామానుగా పట్టదు, లగేజీలో వేస్తే విరుగుతుంది. కాబట్టి గెలిచిన ఇద్దరికీ విమానం, ఓడినవాడికి బస్సు, వాడి ఒళ్లో గెలిచినవాళ్ల రెక్కలు.

ఏప్రిల్‌లో ఒక గురువారం పొద్దున్న ఏడుంబావుకు బస్సు. ఫణి కారులో డ్రాప్ చేసి "జాగ్రత్త మామా" అన్నాడు. నాకు కాదు, మోడల్‌కి.

పై అరలో అది పట్టలేదు. పక్క సీటు ఖాళీగా ఉంటే కిటికీకి ఆనించి నిలబెట్టాను. టికెట్లు చూస్తూ వచ్చిన డ్రైవరమ్మ ఆగింది.

"అది తియ్యి."

"సీటు ఖాళీయే కదా?"

"సీటు సంగతి కాదు. ఆ కిటికీ ఎమర్జెన్సీ ఎగ్జిట్. బస్సు అంటుకుంటే అందులోంచి జనం దూకాలి, నీ విమానం కాదు."

నిజమే, ఎర్ర అక్షరాలు, ఎర్ర పిడి. మోడల్‌ను ఒళ్లోకి తీసుకున్నాను. ఆమె మైకులో ఏ కిటికీ ఎలా తెరవాలో చెప్పింది. ఎవరూ వినలేదు, ఒకాయన అప్పటికే గురక పెడుతున్నాడు. నేను విన్నాను, విన్నకొద్దీ ఒళ్లు మండింది. సీట్ల కుషన్లు ఊడిపోయిన ఈ బస్సులో కూడా తప్పించుకోవడానికి వరసగా కిటికీలున్నాయి. మా అంతరిక్ష వాహనానికి పోస్టర్ ఉంది.

పదింటికి బ్లైత్ అనే ఎడారి ఊళ్లో ఇరవై నిమిషాలు ఆపారు. గ్యాస్ స్టేషన్ బర్గర్ జోలికి పోకుండా ఫాయిల్‌లో తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ఎడారి గాలికి మోడల్ చేతిలోంచి లేవబోయింది. ఆ రెక్కలు పనిచేయడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఇండియోలో కూతురింటికి వెళ్తోందట. రెక్క కొస ఆవిడ భుజంలో గుచ్చుకుంది.

"ఇది ఎక్కడికి ఎగురుతుంది బాబూ?"

"అంతరిక్షానికండీ."

"అక్కడ గాలి ఉండదు కదా, రెక్కలెందుకు?"

"ఆ ప్రశ్న మా టీంలో రెండు ఓట్లకు ఒక ఓటుతో ఓడిపోయిందండీ."

తిరిగొచ్చేటప్పుడు గాలి ఉంటుందనీ, రెక్కలు అప్పటికోసమనీ కూడా చెప్పాను. కోపంలో ఉన్నా అబద్ధం ఆడలేం కదా. "అయితే దారంతా ఊరికే మొయ్యాలన్నమాట" అంటూ నా ఒళ్లోకి జాలిగా చూసింది.

రెండున్నరకు లాస్ ఏంజలెస్. మోటెల్ గది శుభ్రంగానే ఉంది, కిటికీ తెరుచుకోదు. ఇలాంటివి గమనించడం ఒక జబ్బుగా మారింది.

మర్నాడు పదింటికి మా వంతు. పోస్టర్ చూసి హాలంతా 'ఆహా' అంది. ఫణి నావైపు విజయగర్వంతో చూశాడు. శ్రావణి బాగా చెప్పింది కూడా. అప్పుడు జడ్జిల్లో ఒక పెద్దాయన అడిగాడు: "లాంచ్ ప్యాడ్ మీద రాకెట్ అంటుకుంటే మీ నలుగురూ ఎక్కడికి వెళ్తారు?"

"మా ఇంజన్లు చాలా నమ్మకమైనవి సార్" అంది శ్రావణి.

"నేనడిగింది అది కాదు."

ఫణి వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. శ్రావణి నావైపు తిరిగి, "ఆ భాగం ఇతను చూశాడు" అంది. డిలీట్ చేసిన భాగం! ఈ క్షణం కోసం నా దగ్గర ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్క ముక్క.

"ఎక్కడికీ వెళ్లరు సార్."

ఆయన రాసుకున్నాడు. షూ లేసు వదిలేసి ఫణి, ఎవరూ అడగకుండానే, "థాంక్యూ" అన్నాడు.

మొదటి మూడు స్థానాల్లో మేం లేం. గెలిచినవాళ్లదీ రెక్కల వాహనమే. కాకపోతే దాన్ని రాకెట్ నెత్తిన కూర్చోబెట్టి, తప్పించుకోవడానికి ఇంజన్లు తగిలించారు, దానికోసం ఆరుగురికి పట్టే చోటును నలుగురికి కుదించారు. ముఖ్యం తప్పించుకునే దారి, నా గిన్నె కాదని తేలిపోయింది. ఆ ఓటమి అదనం.

మూడింటికి తిరుగు బస్సు. ఎక్కేసరికి శ్రావణి మోడల్‌తో కూర్చుని ఉంది. ఫ్లైట్ టికెట్ వదిలేసుకుందట.

"మోసే వంతు నాది" అంది.

ఇండియో దాటాక ఆమె నావైపు తిరిగింది.

"అందరి ముందట 'ఎక్కడికీ వెళ్లరు' అంటవా?"

"ఏమనాలి? బీచ్‌కి వెళ్తారనా?"

"జవాబు నా దగ్గర లేకుండె. గందుకే ఆ స్లైడ్ తీసేసిన."

"జవాబు లేదని ప్రశ్నను డిలీట్ చేస్తారా? అది హోంవర్క్ కాదు శ్రావణీ, నలుగురు మనుషులు."

"మరి జడ్జి అడిగేదాంక నువ్వెందుకు ఆగినవ్? పొద్దుగాల హాల్లకు పోకముందే లొల్లి చేసేదుండె గద?"

మిగిలిన పులిహోర పొట్లం విప్పి ఆమె వైపు జరిపాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు నా సలహా: కుడివైపు సీటు ఎండకు పనికిరాదు, పులిహోర రెండో రోజుకూ బాగుంటుంది, రెక్కలున్న వస్తువుల్ని వెంట తీసుకెళ్లకండి. కోపం తగ్గడానికి ఏడు గంటలు చాలవు.

బ్లైత్‌లో డ్రైవర్ మారాడు. కొత్తాయన మైకు తీసుకుని కిటికీల గురించి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. బస్సులో ఎవరూ తలెత్తలేదు. శ్రావణి తిరిగి ఎర్ర అక్షరాల వైపు చూసింది. కిటికీకి ఆనించిన మోడల్‌ను తీసి ఒళ్లోకి లాక్కుంది. రెక్క నా పక్కటెముకల్లో దిగింది.

"గుచ్చుకుంటున్నదా?"

"గుచ్చుకుంటోంది."

"గుచ్చుకోనీ" అంది.