పేరు చెప్పకుండా కోరిన ప్రార్థన

చర్చిలో ప్రభువు బల్ల వేళ, అందరికీ పంచే ద్రాక్షరసం గిన్నెల పళ్లెం అందుకోవడానికి నా భర్త చేతులు చాచాడు. సంఘపెద్ద దాన్ని పక్కనున్న మరొకాయనకు ఇచ్చాడు. మా సంసారానికి ఏదో ముంచుకొచ్చిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆయన మందు ముట్టలేదు. ప్రతి బల్ల ఆదివారం పళ్లెం మోసేది ఆయనే. కిందటి వారం ఒక సాయంత్రం తాగి వచ్చాడు. మంచం పక్కన మోకాళ్లూని ఏడ్చాడు. ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు.

నాకు భయం తగ్గలేదు. ఆ వారంలోనే చర్చి స్త్రీల ప్రార్థన కూటంలో ఒకామె మోకాళ్ల నొప్పికి, ఇంకొకామె కొడుకు ఉద్యోగానికి ప్రార్థన అడిగారు. నా వంతు వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. "మా ఇంట్ల ఒకలు మళ్ల తాగుడు మొదలువెట్టిన్రు, ప్రార్థన చేయుండ్రి" అన్నాను. పేరు చెప్పలేదు కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

పళ్లెం దక్కని ఆ ఆదివారం, ఆరాధన అయ్యాక సంఘపెద్దగారి భార్య చర్చి మెట్ల మీద నా చేయి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఆయన కోసం అందరం ఉపవాసం ఉంటున్నం."

అందరం! ప్రార్థన ఆపమని ఏ నోటితో అడగను?

ఇంటికొచ్చాక ఆయన పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు.

"నేను మీ పేరు ఎత్తలే" అన్నాను.

"ఇంట్ల ఒకలు అన్నవట. మనింట్ల తాగెటోడు ఇంకెవడున్నడు, మన చిన్నోడా?"

ఆయన ఇంకో చొక్కా తీసి పరిచాడు.

"నేను తప్పు చేసిన. దేవుని ముంగట ఏడ్చిన, నీ ముంగట ఏడ్చిన. నువ్వు వాడకట్టుకు చెప్పొచ్చినవ్. ఇగ గుడికి మీరే పోండ్రి."

గుడి మానేస్తే ఆయన మళ్లీ సీసా పడతాడు. నా భయమంతా అదే. ఆ దారి నేనే తెరిచాను. తాగినందుకు ఆయన్ని గట్టిగా అడగలేను, అడగకుండా ఊరుకోలేను. క్షమించమన్నాను. ఆయన కాలరు మడిచి ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు.

తెల్లారి బడికి జడలు వేస్తుంటే పెద్దది అడిగింది, "మమ్మీ, డాడీ నీతోని ఎందుకు మాట్లాడ్తలేడు?"

చిన్నవాడు కూడా టిఫిన్ ముందు చేయి ఆపి నా మొహంలోకి చూశాడు.

"డాడీ నన్ను నమ్మి ఒక మాట చెప్పిండు. నేను బయటవెట్టిన. తప్పు నాది. మాఫీ అడిగిన."

"చేసిండా మరి?" అంది పెద్దది.

"ఇంకా లేదు బిడ్డా. అడిగంగనే చెయ్యాల్నని లేదు. మీరు మాత్రం డాడీని ఏమనకుండ్రి."