మామ చుట్టిన పొట్లాలు

మా మామ గుడియాత్తంలో మగ్గం నేసేవాడు. అత్తకు క్షయ ముదిరితే రాయవేలూరులో గది అద్దెకు తీసుకున్నాడు. తోడుగా నన్నూ తీసుకువెళ్లాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. కొవ్వున్న పందిమాంసం పెడితే ఒంటికి కండ పడుతుందని వైద్యుడు అన్నాడు. మా ఇళ్లలో దాన్ని ముట్టినవాళ్లే లేరు.

మామ ప్రతి సాయంత్రం పందిపొట్ట మాంసానికి మిరియాలు, వెల్లుల్లి, చింతపండు గుజ్జు పట్టించి ఊరబెట్టేవాడు. ఎండాకాలం కదా, తెల్లారేసరికి చెడుతుందేమోనని పిడికెడు ఉప్పు వేసేవాడు. మరునాడు పెరట్లో నిప్పుల మీద కాల్చేవాడు. కొవ్వు చూస్తే అత్తకు కడుపులో తిప్పుతుందని, దొరల బంగళా తోటమాలి ఇచ్చిన, పచ్చిగానే తినే లేత సలాదు ఆకుల్లో ముక్కలు కనపడకుండా చుట్టేవాడు. వేడి తెలియడానికి ఒక్కో పొట్లాన్నీ చెంపకు ఆనించుకునేవాడు. నోటికి మాత్రం తాకనిచ్చేవాడు కాదు.

“బాగుండాదా మే?”

“బాగుండాది. నువ్వూ ఒకటి తినరాదా?”

“మా ఇంట్లో యెవురు తిన్న్యారని నేను తినేది?”

“అట్లయితే నేను యెవురింటిదాన్నప్పా?” అని అత్త దగ్గుతూనే నవ్వేది.

రోజుకు నాలుగు పొట్లాలు, ఇరవై మూడు రోజులు. ఆమె ఒక్కటీ వదల్లేదు. ఒంటికి కండా పట్టలేదు. ఇరవై నాలుగో రోజు తెల్లవారుతుండగా పోయింది.

ఆ సాయంత్రం అన్నీ అయ్యాక మామ, ముందురోజు ఊరబెట్టిన మాంసాన్ని పారేయలేక కాల్చాడు. నాలుగు పొట్లాలు చుట్టాడు. ఒకటి చెంపకు ఆనించుకుని, నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక నా వైపు చూశాడు.

“ఒట్టి ఉప్పమ్మా ఇది. ఇన్ని దినాలూ యెట్ల తినిందో!”

మిగిలిన మూడూ మామే తిన్నాడు.