జలాంతర్గామి బిళ్ల

హెలికాప్టర్ తలుపు తెరవగానే ఆవిరి మొహాన కొట్టింది. దక్షిణ సూడాన్, నైలు ఒడ్డు. రాత్రి వాన పడింది. నల్లరేగడి బూట్లను పట్టుకుని వదలడం లేదు. నీలం హెల్మెట్, తూటా ఆపే జాకెట్, వీపున వైర్‌లెస్ సెట్. శాంతిసేనలో నాది సిగ్నల్ పని. పదితో బడి మానేసిన వాడికి అందరి మాటలూ వినే ఉద్యోగం ఇచ్చారు.

అక్కడ హెలికాప్టర్ మెకానిక్ రష్యన్ మాట్లాడే ముసలాయన. సోవియట్ కాలపు ఓడల బిళ్లలు పోగుచేసేవాడు. యూనిఫాం మీద నావికులు పెట్టుకునేవి. ఆయన అమ్మడు, మార్చుకుంటాడు. నా దగ్గర బిళ్లలెక్కడివి? మామిడికాయ తొక్కు పెట్టాను. మొదటి ముద్దకు కళ్లనీళ్లు. రెండో ముద్దకు, భూగోళం మీద తెల్ల ఓడ ఉన్న బిళ్ల నా చేతిలో. ఆనాటి నుంచి నేను కనబడితే చాలు, "కెప్టెన్! ఆచార్!" అని కేక.

మా వంటాయనది కంగ్టి, మా నారాయణఖేడ్ పక్కనే. "ఏందిరా, మన దిక్కు ట్యాంకర్ రాకుంటే పరేషాన్ అయితం. నువ్వు ఓడల బిళ్లలు జమచేస్తున్నవా?"

"ఊర్ల నీళ్లు లేవనే గదనే. గీ బిళ్లల మీదన్న సముద్రం చూస్త."

ఒక్కటి మాత్రం ముసలాయన మార్పిడికి పెట్టలేదు. వెండిరంగు జలాంతర్గామి. వాళ్ల నాన్న సముద్రం అడుగున పనిచేసి సంపాదించింది. జాకెట్ లోపల, చొక్కా జేబు మీద ఉండేది. వెనక బిగించే నట్టు పోతే నేనే రాగి తీగ చుట్టి, మా చేలో బోరు స్టార్టర్‌కు వేసే ముడి వేశాను.

ఒక మధ్యాహ్నం దూరపు పోస్టు నుంచి సెట్ పలికింది. సెట్‌లో హెలికాప్టర్‌ను పక్షి అంటాం.

"బేస్, పక్షి కనబడట్లేదు. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్."

"పొగ కనబడుతోంది. ఓవర్."

పైలట్లు గాయాలతో బయటపడ్డారు. వెనక ఉన్న మెకానిక్, లోడర్ బయటపడలేదు. రెండు స్ట్రెచర్లు వచ్చాయి. మొహాలు లేవు. పడి ఉన్న చోటును బట్టి ఎవరో పేర్ల చీటీలు కట్టేశారు. ఇద్దరివీ వేరు దేశాలు. సాయంత్రం విమానానికి పెట్టెలు ఎక్కాలి. సుబేదార్ నన్ను పిలిచాడు. "ముసలాయనతో తిరిగింది నువ్వే. చూడు."

మెకానిక్ పేరు కట్టిన జాకెట్ విప్పాను. లోపల ఏమీ లేదు. లోడర్ పేరున్నది విప్పాను. మసి పట్టిన జలాంతర్గామి. జేబులోకి వేలు పెట్టి వెనక తడిమాను. తీగ, నా ముడి.

"పక్కానా? తప్పయితే ఒకరి మనిషి మీద ఇంకొకరు ఏడుస్తారు."

"ఈ ముడి మా నారాయణఖేడ్ అవతల ఎవడూ వేయడు సాబ్."

చీటీలు మార్చారు. బిళ్ల విడిగా ఇంటివాళ్లకు పంపాలని, తీయమన్నాడు. తీశాను.

నౌకరీ అయిపోయింది. ఇప్పుడు నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా నాది సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. అద్దం వెనక నా బిళ్లలు. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో దొరికితే ఇంకా తెస్తూనే ఉన్నాను. మొన్న బామ్మర్ది వచ్చాడు.

"బావా, గిన్ని ఓడలు పెట్టుకొని ఈత రాదంటవేంది?"

"ఈతొస్తే నేవీల చేరకపోదునా!"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక బిళ్ల తీసి చూపించమన్నాడు. ఇగ దుకాణం కట్టేసే యాళ్లయిందని చెప్పి, షట్టర్ దించాను.

ఆ రోజు తీగ విప్పి బిళ్ల లేపితే, కింద గుడ్డ కాలలేదు. చుట్టూ బొగ్గు. నడుమ జలాంతర్గామి ఆకారంలో, అప్పుడే ఉతికి ఆరేసినంత శుభ్రంగా, ఆయన చొక్కా నీలం.